సూపర్‌మ్యాన్ (2025): పక్కనున్న ఆ నలుగురూ ఎవరసలు? (స్పాయిలర్లు ఉన్నాయి)

బెజవాడ_బుజ్జి
జులైలో థియేటర్లో తెలుగు డబ్బింగ్ చూశాను. మొన్న ఇంట్లో ఇంగ్లీషులో మళ్లీ చూశాను. సూపర్‌మ్యాన్, లోయిస్ లేన్, లెక్స్ లూథర్ సరే, వాళ్లు అందరికీ తెలిసినవాళ్లే. ఆకుపచ్చ ఉంగరం చూసి గ్రీన్ లాంటర్న్ అని పోల్చుకున్నాను గానీ 2011లో ర్యాన్ రేనాల్డ్స్ వేసిన మనిషి ఈయన కాదు. మొహమ్మీద పెద్ద టీ అక్షరం పెట్టుకున్నాయన, రెక్కలున్న అమ్మాయి, జైల్లో పాలిపోయి కనపడే బట్టతలాయన... వీళ్లని సినిమా కోసం కొత్తగా రాసుకున్నారా, కామిక్స్‌లో ముందే ఉన్నారా? బ్యాట్‌మ్యాన్, ఫ్లాష్ లాంటి పేరున్నవాళ్లని వదిలేసి వీళ్లని ఎందుకు తెచ్చారో ఎవరైనా చెప్తారా?

పాత_పుస్తకాల_పంతులు
అందరూ పాతకాపులే బుజ్జిగారూ. కొందరు మన తాతల వయసువాళ్లు.

హాక్‌గర్ల్‌గా (మీరన్న రెక్కలమ్మాయి) మారిన షియెరా శాండర్స్ మొదట 1940 జనవరి నాటి ఫ్లాష్ కామిక్స్ మొదటి సంచికలోనే కనపడింది. మిస్టర్ టెరిఫిక్ (టీ అక్షరమాయన) అనే పేరు 1942 జనవరిలో సెన్సేషన్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చింది. అదే పుస్తకం అట్ట మీద వండర్ ఉమన్ ఉంది. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి బయల్దేరారు, ఆవిడ ఎక్కడికో వెళ్లిపోయింది, ఈయన ఎనభై ఏళ్లు క్యూలో నిలబడ్డాడు. మెటమోర్ఫో (జైల్లో బట్టతలాయన) 1964 చివర్లో వచ్చాడు. గై గార్డ్‌నర్ (సినిమాలో గ్రీన్ లాంటర్న్) 1968లో.

అయితే తెర మీద చూసిన హాక్‌గర్ల్, టెరిఫిక్ ఆ మొదటివాళ్లు కారు. అవే పేర్లు తర్వాత తీసుకున్న కొత్త తరం. సినిమాలో ఉన్న కెండ్రా శాండర్స్ 1999లో, మైకేల్ హోల్ట్ 1997లో పుట్టారు. పేరు వారసత్వంగా వస్తుంది, మనిషి మారతాడు. డీసీ కామిక్స్‌లో ఇది మామూలే.

అడ్మిన్
శీర్షికలో స్పాయిలర్ హెచ్చరిక చేర్చాను. సెన్సారువాళ్లు కోసిన ముద్దు సీను గురించి వేరే థ్రెడ్ ఉంది, ఆ గొడవ అక్కడే. ఇక్కడికి తేవద్దు ప్లీజ్.

కామిక్_కిష్టయ్య
టెరిఫిక్ గురించి నేను చెప్తా, ఆయనంటే నాకు పదిహేనేళ్ల పిచ్చి.

1942లో వచ్చిన మొదటాయన టెర్రీ స్లోన్. డబ్బుంది, తెలివుంది, చిన్న వయసులోనే అన్నీ సాధించేశాడు. ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదని బతుకు మీద విరక్తి పుట్టింది. చద్దామని తిరుగుతుంటే వంతెన మీద నుంచి ఎవరో అమ్మాయి దూకడం చూశాడు, కాపాడాడు. అక్కడ మొదలైంది కథ. ఆయన దుస్తుల మీద ఫెయిర్ ప్లే అని రాసి ఉంటుంది. 1979లో ఆ పాత్రని చంపేశారు.

మైకేల్ హోల్ట్‌ని జాన్ ఆస్ట్రాండర్, టామ్ మాండ్రేక్ కలిసి స్పెక్టర్ అనే పుస్తకంలో తెచ్చారు. భార్య కారు ప్రమాదంలో పోయింది. ఈయన కూడా ప్రాణం తీసుకునే స్థితిలో ఉంటే స్పెక్టర్ (ఆ పుస్తకం హీరో, ఒక ఆత్మ) వచ్చి ఆ టెర్రీ స్లోన్ కథ చెప్తాడు. అది విని ఆ పేరు పెట్టుకుంటాడు. డెకథ్లాన్‌లో ఒలింపిక్ బంగారు పతకం, లెక్కలేనన్ని డిగ్రీలు, ప్రపంచంలో మూడో తెలివైనవాడు అని పేరు. మొదటి ఇద్దరెవరని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు, ఆ చర్చలో నేను దూరను.

సినిమాలో ఇదేమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చుట్టూ తిరిగే ఆ టీ గోళాలు, ఎవరు మాట్లాడినా టైమ్ వేస్టు అన్నట్టుండే మొహం, అంతే. అయినా థియేటర్లో విజిల్ ఎవరికి పడింది? లూథర్ మనుషుల శిబిరంలో లోయిస్‌ని రక్షణ గోళంలో నిలబెట్టి ఒక్కడే అందర్నీ కొట్టే సీనుకి.

డల్లాస్_బావ
కిష్టయ్యగారూ, ఆ సీను చూసి పక్క సీటు అమెరికన్ ఇతనెవరని నన్ను అడిగాడు! అంటే ఇక్కడివాళ్లకి కూడా తెలీదు. మనమేం వెనకబడిలేమన్నమాట.

టెరిఫిక్ వేసిన నటుడు ఎడీ గతేగీ గురించి ఒక సంగతి. 2011లో వచ్చిన ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్‌లో డార్విన్ పాత్ర ఆయనే. ఏ ప్రమాదం వచ్చినా దానికి తగ్గట్టు శరీరం మార్చుకుని బతికేయడం ఆ పాత్ర శక్తి. అందరికంటే ముందు చంపేసింది మాత్రం ఆయన్నే. అప్పట్నుంచీ అభిమానులకి అదో కడుపుమంట. ఇప్పుడు బాకీ తీరింది.

రెండో_ఆట
కామిక్స్ నేను చదవను, సినిమావాడిని. నా దృష్టిలో తెలియని పాత్ర అంటే దర్శకుడికి వరం. బ్యాట్‌మ్యాన్‌ని పెడితే ప్రతివాడి బుర్రలో ఒక బ్యాట్‌మ్యాన్ ముందే ఉంటాడు. మావాడిలా లేడే అంటాడు. టెరిఫిక్‌తో ఆ పేచీ లేదు. ఏం చేసినా కొత్తే.

మనకీ ఉంది కదా ఇది. భారతంలో ఘటోత్కచుడి పని కర్ణుడి శక్తికి బలైపోవడం. మాయాబజార్ (1957) తీసినప్పుడు కృష్ణుడిగా ఎన్టీఆర్, అభిమన్యుడిగా ఏఎన్నార్, శశిరేఖగా సావిత్రి ఉన్నారు. అయినా బయటికొచ్చి జనం అనుకరించింది రంగారావుగారినే.

పాత_పుస్తకాల_పంతులు
పోలిక బాగుంది గానీ ఘటోత్కచుడు మనకి తెలియనివాడు కాదు కదండీ. హరికథల్లో, తోలుబొమ్మలాటల్లో, నాటకాల్లో ఎప్పట్నుంచో నలిగిన పాత్ర. మెటమోర్ఫో అలా కాదు. అమెరికాలో కూడా కామిక్స్ కొట్టుకెళ్లేవాళ్లకి మాత్రమే తెలుసు.

బుజ్జిగారి రెండో ప్రశ్న, పేరున్నవాళ్లని ఎందుకు వదిలేశారని. దానికి సగం జవాబు 1987లో ఉంది. అప్పుడు జస్టిస్ లీగ్ (డీసీ సూపర్‌హీరోల జట్టు) పుస్తకాన్ని కీత్ గిఫెన్, జె. ఎం. డిమాటిస్ రాయడానికి తీసుకున్నారు, బొమ్మలు కెవిన్ మగ్వైర్. తీరా చూస్తే సూపర్‌మ్యాన్, వండర్ ఉమన్, ఫ్లాష్ ఎవరూ వీళ్లకి దొరకలేదు. వాళ్ల వాళ్ల సొంత పుస్తకాలు అప్పుడే కొత్తగా మొదలవుతున్నాయి. బ్యాట్‌మ్యాన్ ఒక్కడిని ఇచ్చారు. మిగతా చోట్లు బ్లూ బీటిల్, మిస్టర్ మిరకిల్, గై గార్డ్‌నర్ లాంటి రెండో వరసవాళ్లతో నింపుకున్నారు. పెద్దవాళ్లు లేరు కాబట్టి ఒకర్నొకరు దెప్పుకునే ఆఫీసు కామెడీలా రాశారు. అదే అందరికీ నచ్చింది. ఆ లీగ్ వెనకుండి నడిపే డబ్బున్నాయన పేరు మాక్స్‌వెల్ లార్డ్. సినిమాలో జస్టిస్ గ్యాంగ్‌కి (గై, హాక్‌గర్ల్, టెరిఫిక్‌ల జట్టు) జీతాలిచ్చేది ఎవరో గుర్తుందా? ఆయనే. షాన్ గన్ వేశాడు, దర్శకుడు జేమ్స్ గన్ తమ్ముడు.

అంటే జేమ్స్ గన్ 2025లో తీసింది ఒకరకంగా 1987 లీగునే. గిఫెన్ 2023 అక్టోబరులో పోయారు, చూడలేకపోయారు.

సీమ_మిరపకాయ
గై గార్డ్‌నర్ జుట్టు సంగతి ఎవరూ ఎత్తరేంది!! తల మీద గిన్నె బోర్లించి చుట్టూ కత్తిరించినట్టు. నేను చూసి మేకప్ వాళ్లు పగబట్టారు అనుకున్నా. తర్వాత పాత కామిక్స్ బొమ్మలు చూస్తే అచ్చం అంతే ఉంది. మార్చకుండా దించేశారు.

కామిక్_కిష్టయ్య
మార్చి ఉంటే మేమంతా గొడవ చేసేవాళ్లం. ఆ జుట్టే గై. 1968లో జాన్ బ్రూమ్, గిల్ కేన్ తెచ్చినప్పుడు ఇట్లా ఉండేవాడు కాదు, మర్యాదస్తుడు. ఉంగరానికి హాల్ జోర్డన్ (2011లో రేనాల్డ్స్ వేసిన గ్రీన్ లాంటర్న్), ఇతనూ ఇద్దరూ అర్హులే, హాల్ దగ్గర్లో ఉన్నాడు కాబట్టి అతనికి దక్కింది. అంటే పుట్టుకతోనే వెయిటింగ్ లిస్టు. ఎనభైల్లో ఈ నోటి దురుసు, ఈ గిన్నె కటింగ్ వచ్చాయి. 1987 జస్టిస్ లీగ్ ఐదో సంచికలో బ్యాట్‌మ్యాన్ మీదికి కయ్యానికి దిగితే ఒక్క గుద్దుకి పడిపోయాడు. కామిక్స్ లోకంలో ఆ ఒక్క పేజీ గురించి మాట్లాడుకున్నంత కొన్ని మొత్తం సీరీస్‌ల గురించి మాట్లాడుకోరు.

గై వేసిన నేథన్ ఫిలియన్ ఇంకో సరదా. యానిమేషన్ సినిమాల్లో హాల్ జోర్డన్‌కి గొంతిచ్చింది ఆయనే. అసలాయన గొంతుతో మొదలెట్టి వెయిటింగ్ లిస్టాయన ఒళ్లోకి వచ్చాడు.

ఓరుగల్లు_పిల్ల
అందరూ టెరిఫిక్, గై అంటున్నారు. నా బాధ నేను చెప్తాను. హాక్‌గర్ల్‌కి ఏం మిగిల్చారు? ఎగరడం, గద చూపించడం, అరవడం. చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో జస్టిస్ లీగ్ చూసి పెరిగినదాన్ని నేను. అందులో హాక్‌గర్ల్ అంటే ఏడుగురిలో ఒకరు, కథకి వెన్నెముక. చివరికి తన గ్రహం వైపా, స్నేహితుల వైపా అన్న చోట ఆమె పడే యాతన ఇప్పటికీ మర్చిపోలేను. ఆ పాత్రని ఇక్కడ గుంపులో గోవిందా చేశారు. ఇసబెలా మెర్సెడ్ మంచి నటి, అది ఇంకా బాధ.

సీమ_మిరపకాయ
అక్కా, జర్హన్‌పూర్ సీను? ఆ దేశం మీదికి దండెత్తిన బొరావియా అధ్యక్షుణ్ని పైకెత్తుకుపోతుంది. నువ్వు నన్ను చంపవు, మీ సూపర్‌మ్యాన్ లాంటిదానివే అన్నట్టు మాట్లాడతాడు. నేను సూపర్‌మ్యాన్‌ని కాదు అని వదిలేస్తుంది. అంతే, ఫినిష్. ఆ పిల్ల ఏంటో అందులో మొత్తం ఉంది కదా.

ఓరుగల్లు_పిల్ల
తమ్ముడూ, అక్కడ మొత్తం ఉన్నది ఆమె గురించి కాదు, సూపర్‌మ్యాన్ గురించి. అతను ఎంత మంచివాడో చెప్పడానికి ఆమెని పక్కన నిలబెట్టారు. చంపిన తర్వాత ఆమె ఏమనుకుంది? రాత్రి నిద్ర పట్టిందా? జట్టులో ఎవరైనా ఎందుకలా చేశావని అడిగారా? ఏమీ లేదు. కెండ్రా కామిక్స్‌లో పునర్జన్మల బరువు మోసే పిల్ల. పోయిన జన్మల జ్ఞాపకాలు, ఎవరో నిర్ణయించిన ప్రేమకథ, అది నాకొద్దు అనే మొండితనం. పునర్జన్మ అంటే మన ప్రేక్షకులకి వివరించాల్సిన పని కూడా లేదు. ఒక్క డైలాగ్ చాలు.

రెండో_ఆట
ఆ ఒక్క డైలాగ్ పెడితే ఇదేంటి ఇప్పుడని సగం హాలు అనుకునేది. పక్క పాత్రకి చరిత్ర చెప్పకపోవడమే ఈ సినిమాలో మంచి పని. మొదలయ్యేటప్పటికే సూపర్‌మ్యాన్ వచ్చి మూడేళ్లయింది అని అక్షరాలు వేసి కథలోకి తోసేశాడు. లోకం అప్పటికే నడుస్తోంది, మనమే లేటుగా వచ్చాం అన్నమాట.

వెనక కిటికీలోంచి జస్టిస్ గ్యాంగ్ ఏదో వింత జీవితో పోట్లాడుతుంటే ముందు క్లార్క్ (మామూలు బట్టల్లో సూపర్‌మ్యాన్), లోయిస్ తమ గొడవ తాము పడుతుంటారు చూడండి, ఆ సీనుకి నేను ఫ్లాట్. వేరే సినిమాలో అది క్లైమాక్స్ అయ్యేది. ఇక్కడ కిటికీ బయట ట్రాఫిక్కులాంటిది.

ఓరుగల్లు_పిల్ల
చరిత్ర చెప్పమనడం లేదండీ. టెరిఫిక్‌కీ చరిత్ర చెప్పలేదు, కానీ అతనికి పని ఇచ్చారు. లూథర్ జైలున్న జేబు విశ్వం (పాకెట్ యూనివర్స్) ద్వారం దాకా లోయిస్‌ని తీసుకెళ్లేది అతను, చివర్లో చీలిక మూసేది అతను, క్రెడిట్స్ తర్వాత సీను కూడా అతనిదే. కథ అతని చేతి మీదుగా నడుస్తుంది. హాక్‌గర్ల్‌ని మొత్తం తీసేస్తే కథలో ఏం మారుతుంది? ఆ అధ్యక్షుడు ఇంకోలా చస్తాడు. నా తూకం ఇదే. తీసేస్తే కథ కుంటుపడితే పాత్ర, పడకపోతే బొమ్మ.

కామిక్_కిష్టయ్య
ఈ తూకం బాగుంది అక్కా. దాని ప్రకారం మెటమోర్ఫో పాసవుతాడు. అతను లేకపోతే జైల్లో సూపర్‌మ్యాన్‌ని ఆపే దారి లూథర్‌కి లేదు. పసిబిడ్డని అద్దాల గదిలో పెట్టి, నువ్వు చేతిని క్రిప్టోనైట్‌గా (సూపర్‌మ్యాన్‌ని నీరసపరిచే రాయి) మార్చకపోతే బిడ్డ దక్కడని బెదిరించడం... మూలకాలుగా మారే శక్తిని ఇంతకంటే క్రూరంగా వాడిన సీను నేను కామిక్స్‌లో కూడా చదవలేదు. గై అంచు మార్కులతో బయటపడతాడు. ఆ ఆకుపచ్చ చేతివేళ్లతో ట్యాంకుల్ని ఎత్తేసినందుకు గ్రేస్ మార్కులు.

పాత_పుస్తకాల_పంతులు
మెటమోర్ఫో మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పకుండా ఉండలేను. రమోనా ఫ్రాడన్. అరవైల్లో సూపర్‌హీరో కామిక్స్ గీసే ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. రచయిత బాబ్ హేనీ కథ రాస్తే, ఆ శరీరానికి ఆ నాలుగు రంగుల, నాలుగు తీరుల రూపం ఇచ్చింది ఆవిడ. ఆవిడ గీత కాస్త హాస్యం వైపు ఉంటుంది, అందుకే మెటమోర్ఫో భయపెట్టడు, పాపం అనిపిస్తాడు. కథ కూడా అలాంటిదే. రెక్స్ మేసన్ అనే సాహసిని సైమన్ స్టాగ్ అనే కోటీశ్వరుడు ఈజిప్టు పిరమిడ్‌లో ఒక వస్తువు కోసం పంపిస్తాడు. అక్కడ నమ్మకద్రోహం జరిగి, మిగిలినవాడు ఇలా మారిపోతాడు. స్టాగ్ కూతురు సఫైర్‌తో ప్రేమ మాత్రం పోదు.

ఫ్రాడన్ 97 ఏళ్ల వయసులో 2024 జనవరిలో ఇక బొమ్మలు వెయ్యనని రిటైరయ్యారు. ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ నెల 29న ఈ సినిమా షూటింగ్ మొదలైంది.

మెటమోర్ఫోగా ఆంథొనీ కారిగన్‌ని ఎంచుకోవడం కూడా నాకు నచ్చింది. ఆయనకి చిన్నప్పట్నుంచీ అలోపీషియా, ఒంటి మీద వెంట్రుకలు ఉండవు. రూపం గురించి మాటలు పడ్డ మనిషి, రూపం చెడిపోయిన పాత్రలో ఆ కళ్లతోనే నటించాడు.

డల్లాస్_బావ
పంతులుగారు సృష్టికర్తల మాటెత్తారు కాబట్టి, ఈ తెలియని పాత్రల వ్యాపారంలో డబ్బులెవరికి పోతాయో కూడా చూడాలి. మార్వెల్ కంపెనీ పాత్రలు థానోస్, గమోరా, డ్రాక్స్‌లని పుట్టించిన జిమ్ స్టార్లిన్ 2017లో బహిరంగంగా చెప్పాడు. బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్‌లో కేజీబీస్ట్ అనే చిన్న విలన్ ఉన్నాడు, చాలామంది పేరు కూడా పట్టించుకోలేదు. ఆ ఒక్కడికి డీసీ పంపిన చెక్కు, థానోస్‌తో సహా ఆ ముగ్గురికీ కలిపి మార్వెల్ ఇచ్చినదానికంటే పెద్దదట. తర్వాత మార్వెల్‌తో ఆయన కొత్త ఒప్పందం చేసుకున్నాడు.

బిల్ మాంట్లో కథ ఇంకా బరువు. రాకెట్ రకూన్‌ని (తుపాకీ పట్టే మార్వెల్ జంతువు) గిఫెన్‌తో కలిసి 1976లో తెచ్చింది ఆయనే. 1992లో స్కేటింగ్ చేస్తుంటే కారు గుద్ది మెదడుకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ సంరక్షణలోనే. 2014లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ వచ్చినప్పుడు మార్వెల్ వాళ్లు ఆయనున్న చోటికే తెచ్చి సినిమా వేసి చూపించారు.

బెజవాడ_బుజ్జి
అమ్మో, చిన్న ప్రశ్న అడిగితే ఇంత బయటికొచ్చింది. అందరికీ థ్యాంక్స్. రాకెట్ కూడా అంత తెలియని పాత్రేనా? నేను మొదట్నుంచీ ఫేమస్ అనుకుంటున్నా.

కామిక్_కిష్టయ్య
2014 ఆగస్టుకి ముందు రాకెట్, గ్రూట్ అంటే ఎవడికి తెలుసు బుజ్జీ! గ్రూట్ 1960లో మనుషుల్ని ఎత్తుకెళ్లడానికొచ్చిన రాక్షస చెట్టు. సినిమా 77 కోట్ల డాలర్ల పైన వసూలు చేశాక పిల్లల స్కూలు బ్యాగుల మీదికి ఎక్కాడు. అదీ గన్ చేతి పనే. తర్వాత 2021లో ది సూసైడ్ స్క్వాడ్‌లో పోల్కా డాట్ మ్యాన్‌ని తెచ్చాడు, చొక్కా మీద చుక్కలు పీకి విసిరే విలన్. 1962 నాటి జోకు పాత్ర. వాడి కోసం జనం కళ్లు తుడుచుకున్నారు.

సీమ_మిరపకాయ
అయితే ఎవర్ని తెచ్చినా ఆడేస్తుందా? మార్వెల్ వాళ్ల ఎటర్నల్స్ సినిమా ఎందుకు పడుకుంది మరి?

రెండో_ఆట
2021లో వచ్చింది, 40 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. పదిమంది కొత్తవాళ్లు, ఏడువేల ఏళ్ల చరిత్ర, అందరినీ పరిచయం చేస్తూ పోవాలి. ఎవరు ఎవరో తెలిసేలోపు ఇంటర్వెల్. గార్డియన్స్‌లో ఐదుగురే, అందరూ ఒకే వస్తువు వెనక పరిగెడతారు, ఆ పరుగులోనే మనకి తెలిసిపోతారు. సూపర్‌మ్యాన్‌లో ఇంకా తేలిక, మధ్యలో అందరికీ తెలిసిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. అతను ఎలా చూస్తే మనమూ వాళ్లని అలా చూస్తాం. ఆ పెద్ద జంతువుని బతికించి పట్టుకుందామని అతను అంటుంటే గ్యాంగ్ చంపేస్తుంది కదా, అక్కడే వాళ్లేంటో అర్థమైపోయింది. పరిచయ సీను విడిగా అక్కర్లేదు.

ఓరుగల్లు_పిల్ల
చూశారా, మళ్లీ గ్యాంగ్ అంటున్నారు. హాక్‌గర్ల్ అందులో ఒక రెక్క, అంతే.

సీమ_మిరపకాయ
అక్క వదలదు 😀 గన్ సీరీస్ పీస్‌మేకర్ రెండో సీజన్‌లో కనపడుతుంది చూడు, గై కూడా ఉన్నాడు.

ఓరుగల్లు_పిల్ల
చూశాను. ఆ గదిలో కూర్చుని హీరో ఉద్యోగానికి వచ్చినవాణ్ని ఎగతాళి చేస్తారు. నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. కానీ ఎగతాళి చెయ్యడం కూడా గై పనే కదా, ఆమెకి సొంతంగా ఏదీ?

బెజవాడ_బుజ్జి
చదవాలంటే ఎక్కడ మొదలెట్టాలి? ఇంగ్లీషు పర్లేదు.

పాత_పుస్తకాల_పంతులు
సినిమాలో ఆ వేళాకోళం నచ్చి ఉంటే 1987 జస్టిస్ లీగ్, మొదటి సంచిక నుంచి. టెరిఫిక్, కెండ్రా ఇద్దరూ కావాలంటే 1999లో మొదలైన జేఎస్ఏ (జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా). అందులో టెరిఫిక్ జట్టుకి అధ్యక్షుడు కూడా అవుతాడు, ఓటేసి ఎన్నుకుంటారు. టెరిఫిక్, మెటమోర్ఫో కలిసి కావాలంటే 2018 నాటి ది టెరిఫిక్స్, జెఫ్ లెమీర్ రాశాడు. చిన్నది కావాలంటే సినిమా వేళకి వచ్చిన మిస్టర్ టెరిఫిక్: ఇయర్ వన్ ఉంది.

కామిక్_కిష్టయ్య
జేఎస్ఏ ముందు చదువు బుజ్జీ. అక్కకి కూడా అదే మందు. క్రెడిట్స్ అయ్యాక టెరిఫిక్, సూపర్‌మ్యాన్ ఆ బిల్డింగు అతుకు సరిగ్గా కుదరలేదని గొడవ పడతారే, ఆ టెరిఫిక్ జేఎస్ఏలో ప్రతి మీటింగులో ఉంటాడు.

ఓరుగల్లు_పిల్ల
చదివాను కిష్టయ్యగారూ, కెండ్రా కోసమే చదివాను. అందుకే ఈ కోపం.